మూడో పిలుపు

నమోదు 41

పెట్టె పనిచేస్తోంది. ఫ్యానులో పేరుకున్న ఉప్పు గీకాను, సోలారు రేకులు తుడిచాను. పలకల్లో రెండు చార్జింగు ఎక్కడం లేదు. ఈ నమోదులో పాఠాల పెట్టె సంగతి తప్ప వేరేది రాయకూడదని పాఠశాఖ నియమం. ఇన్నాళ్ళూ రాసినదాన్ని ఒక్కడు చదివిన జాడ లేదు. కాబట్టి నాకు తోచింది రాస్తాను. చదివే నాథుడు ఎవరైనా ఉంటే వచ్చి ఉద్యోగంలోంచి తీసెయ్యండి, హాయిగా పడుకుంటాను.

ఇవాళ ఐసు ఫ్యాక్టరీ షెడ్డు నిండా పిల్లలే. గోడవారన కూడా నిలబడ్డారు. పెట్టె లెక్కలో మాత్రం నలుగురు.

పెట్టె పొద్దున్నే ఒక్కొక్క పేరూ రెండుసార్లు పిలుస్తుంది. జవాబుగా ఆ పిల్ల గొంతు వినబడితే పలక మీద పాఠం తెరుచుకుంటుంది. వినబడకపోతే ఆ పిల్ల రానట్టే. ఎదురుగా కూర్చుని కళ్ళు మిటకరించి చూస్తున్నా రానట్టే. పలికిన ఆ నలుగురూ మా పల్లెపాలెం పిల్లలు. ఏటి నీళ్ళ యుద్ధంలో ఊళ్ళు పోయి ఎగువనుంచి వచ్చిన పిల్లల్లో ఒక్కరూ నోరు విప్పరు.

మా పైఅధికారి శేషఫణి గారు తెరమీదకి వచ్చి అడిగాడు.

"వాళ్ళకి వినికిడి లోపం ఉందేమో చూపించారా కావమ్మా?"

"చేతిలో బెల్లం ముక్క పట్టుకుని గుసగుసలాడితే అవతల ఎండిన చెరువులోంచి పరిగెత్తుకొస్తారు సార్."

"వేళాకోళం వద్దు. సగం హాజరు లేకపోతే నెలాఖరు సమీక్షలో పెట్టె ఇంకో శిబిరానికి పోతుంది. నా చేతిలో ఏమీ లేదు."

"నేను రాసిస్తాను సార్, అందరూ వచ్చారని."

"మీరు రాస్తే చెల్లదు. రాసిచ్చిన చోటల్లా దొంగ హాజరే అయింది. పెట్టె విన్నదే లెక్క."

మనిషి చెడ్డవాడు కాదు. కళ్ళ కింద నల్లటి సంచులు. ఆయనకీ నిద్ర లేదు. అందుకే ఇంకా ఒళ్ళు మండుతుంది, తిట్టడానికి కూడా సరిగ్గా దొరకడు.


నమోదు 42

పెట్టె మామూలే.

పెట్టె పోతే ఏమవుతుందో రాసిపెడతాను. శిబిరం ఎండిపోయిన రొయ్యల చెరువుల్లో ఉంది, ఊరికో చెరువు. సముద్రం రోజూ కాస్త కాస్త కట్టని కొరుకుతుంది. కొరికిన చోటల్లా మట్టి పోయాలి. తట్ట ఎత్తగలిగిన ప్రతి మనిషీ కట్ట పనికి వెళ్ళాల్సిందే. బడి హాజరులో పేరున్న పిల్లలకి మాత్రం మినహాయింపు. పెట్టె లేదంటే బడి లేదు, బడి లేదంటే వీళ్ళంతా తట్టలు మోయాలి. అంతే లెక్క.

సుంకులు అనే పిల్ల ఉంది, పదేళ్ళుంటాయి. హాజరు పడని పిల్లల్ని కట్ట మేస్త్రీ వంతులవారీగా తీసుకెళ్తాడు, ఇది ఇప్పటికే రెండుసార్లు కట్ట మీదకి పోయింది. అరిచేతులు బొబ్బలెక్కాయి. ఆ చేతులతోనే నత్తగుల్ల పట్టుకుని నేలమీద గీతలు గీస్తూ మద్దిలేటి అనే బుడతడికి కూడికలు నేర్పుతోంది. పాఠం తెరుచుకోని పలకని పిరుదుల కింద పీటలా వేసుకుంది. నేను ఇదే ఫ్యాక్టరీలో ఐసు దిమ్మలు మోస్తూ, మెకానిక్కుకి పానాలు అందిస్తూ, పాత మోటార్ల మీది అక్షరాలు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నదాన్ని. నాకు చెప్పేవాళ్ళు లేరు. వీళ్ళకి చెప్పే పెట్టె ఉండి కూడా మూగనోము పడతారేం?

"సుంకులూ!" అన్నాను. కదల్లేదు. "సుంకులూ!" వీపు బిగుసుకుంది, అంతే. "ఒసే సుంకులూ, నిన్నే!"

"ఏమక్కా?" అంది, అప్పుడే విన్నట్టు.

గంజి పంపకంలోనూ ఇదే తంతు. మూడుసార్లు గొంతు చించుకుంటే గానీ గిన్నె పట్టుకుని లేవరు. ఎగువోళ్ళకి పొగరెక్కువని మా పాలెంలో అంటారు. నేనూ అన్నాను.


నమోదు 44

ఇవాళ మళ్ళీ సుంకులు మీద అరిచాను. "చెవుల్లో మైనం పోశారటే నీకు?"

షెడ్డు గుమ్మంలో ఆ పిల్ల నాయనమ్మ కూర్చుని ఉంది. పేరు మారెక్క. పిల్లలంతా జేజి అంటారు, నేనూ అంటాను.

"దాని మీద యాల అరుస్తావమ్మా? అది ఇంటానే ఉండాది. లెక్క పెట్టుకుంటాంది."

"ఏం లెక్క?"

"పిలుపులు." నోట్లో ఆకు ఓ పక్కకి నెట్టి చెప్పింది. "మా చిన్నప్పుడు దయ్యం పేరు పెట్టి పిలుస్తాదనేవాల్లు. దయ్యం రెండుసార్లే పిలుస్తాదంట. మూడోసారి పిలిచేది మనిసే. అందుకని రెండు పిలుపుల దాంక పలకగూడదు. మేం నవ్వుకునేవాల్లం. పెద్దోల్లు పిలిస్తే పలక్కుండా పనెగ్గొట్టనీకి బాగుండేది." నవ్వలేదు. "యుద్ధమొచ్చినాక నిజమాయ. పిలుపుగద్దలొచ్చె."

పిలుపుగద్దల గురించి వార్తల్లో విన్నాను. మోటారు రెక్కల యంత్రాలు. ఖాళీ చేసిన ఊళ్ళ మీద తిరిగేవట. అవి ఏం పిలిచేవో, ఎలా పిలిచేవో ఏ వార్తలోనూ చెప్పలేదు. జేజి చెప్పింది. జనం ఫోన్లలోంచి గొంతులు దొంగిలించేవట. తల్లి గొంతుతో బిడ్డని, మొగుడి గొంతుతో పెళ్ళాన్ని, పేరు పెట్టి పిలిచేవట. పలికినచోట బాంబు పడేది. ఒక్క చోట ఎక్కువసేపు నిలవలేక రెండు పిలుపులు పిలిచి ముందుకి పోయేవి. మూడోసారి పిలుపు వినబడిందంటే మనిషే.

"ఈ పిల్లోల్లంతా పలకనందుకే బతికినారు," అంది జేజి. "పలికినోల్లు నీ బడికి రాలేదులే."

నేను పెట్టెకేసి తిరిగాను. పిలిచే మనిషి కంటికి కనబడకుండా రెండుసార్లు పేరు పిలుస్తుంది. ఏ పాపం ఎరగని సామాను. అయినా తన్నాలనిపించింది.


నమోదు 45

శేషఫణి గారిని పిలిచాను. మూడోసారి పిలిచేలా పెట్టెని మార్చమన్నాను.

విషయమంతా విన్నాడు. మధ్యలో కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"రెండు పిలుపులన్నది అన్ని శిబిరాలకీ ఒకటే కావమ్మా. పైనుంచి మారాలి. అర్జీ పెట్టండి."

"పెడితే మారుద్దా?"

"మారుతుంది. ఈ నెలాఖరులోపు మారదు."

"మరి నేనేం చెయ్యను? పిల్లల నోట్లో కర్ర పెట్టి తెరవనా?"

"గొంతు మార్చుకోవచ్చు," అన్నాడు కాస్త ఆలోచించి. "పెట్టెకి స్థానికుల గొంతు పెట్టుకునే వీలుంది. అలవాటైన గొంతయితే పలుకుతారేమో."

అర్జీ పెట్టాను. అందిందని ఓ జవాబు వచ్చింది. అందిందన్న జవాబు నాకు అందిందో లేదో చెప్పమని ఇంకోటి వచ్చింది.


నమోదు 47

ఇవాళ నేను చేసిన పని రాయాలి.

నాకో ఉపాయం తట్టింది. పెట్టెలో నా గొంతే పెడితే? ముందు గుమ్మంలో నిలబడి నేనొకసారి పిలుస్తాను. తర్వాత పెట్టె అదే గొంతుతో రెండుసార్లు పిలుస్తుంది. మొత్తం మూడు. మూడో పిలుపుకి పలుకుతారు, పెట్టెకి అది రెండో పిలుపే కనుక హాజరు పడుతుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. నిన్నంతా తలుపేసుకుని ప్రతి పేరూ చదివి పెట్టెలోకి ఎక్కించాను. గొంతు బొంగురుపోయింది.

పొద్దున గుమ్మంలో నిలబడి "సుంకులూ" అన్నాను. తల తిప్పి నవ్వింది.

పెట్టె నా గొంతుతో "సుంకులూ" అంది.

అప్పటికి నా నోరు మూసే ఉంది. అందరూ నా నోటికేసే చూస్తున్నారు.

అరుపు లేదు, ఏడుపు లేదు. అదే నన్ను భయపెట్టింది. అంతమంది పిల్లలు చప్పుడు లేకుండా నేలకి అంటుకుపోయారు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ నోళ్ళు మూశారు. కొందరు ఐసు తొట్ల వెనక్కి పాకారు. మద్దిలేటి పిడికిలి నోట్లో కుక్కుకుని కొరుక్కుంటున్నాడు, రక్తం కారుతోంది. సుంకులు పెట్టెకేసి చూడలేదు. నాకేసి చూసింది. నన్ను ఎవరో చంపేసి నా గొంతు పట్టుకొచ్చినట్టు చూసింది. తర్వాత నేలమీద పాక్కుంటూనే వెనక తలుపులోంచి వెళ్ళిపోయింది.

పెట్టె మాత్రం వరసగా పిలుచుకుంటూ పోతూనే ఉంది. నేను వెళ్ళి వైరు పీకేశాను.


నమోదు 48

షెడ్డులో ఎవరూ లేరు. పాలెం పిల్లలు కూడా రాలేదు.

మధ్యాహ్నం జేజి వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"నీ గొంతు నువ్వే దానికిచ్చినావా? ఎవురూ గుంజుకోకుండా?"

"తెలీక జేజీ."

"మా గొంతులన్నీ తెలీకనే పోయినాయిలే." పెట్టెకి దూరంగా చతికిలబడింది. "మా సుంకులు వాల్లమ్మ సంగతి చెప్తా ఇను. మేం ఊరిడిసినప్పుడు జొన్నచేలో దాక్కున్న్యాం. నా కోడలు నీల్లకని పోయిండె. ఇంతలో చేనికి అవతల పక్కనుంచి పిలుపు. 'సుంకులూ, యాడున్నావే' అని. కోడలి గొంతే. నేను పిల్ల నోరు గట్టిగా మూసినా. మల్లా పిలిచింది. మూడో పిలుపు కోసరం చూసినాం. చానాసేపు చూసినాం. రాలే."

"గద్దేనా?"

"గద్దో, నా కోడలో." ఆకు ఉమ్మేసింది. "ఆ పిల్ల నన్నీ మాట ఇంతవరకూ అడగలే. నేనూ చెప్పలే."

నేను పెట్టె మూత విప్పి ఆవిడ ఎదుటే నా గొంతు చెరిపేశాను. ఒకటికి రెండుసార్లు చెరిపి, పాత గొంతు వినిపించాను. "మంచిది," అంది జేజి. "ఆ పట్నపు పిల్ల గొంతే మేలు. ఆ గొంతోల్లు మాకెవురూ లేరు, సచ్చినా మేం ఏడ్సం."


నమోదు 51

పిల్లలు తిరిగి వచ్చారు. పెట్టె పిలిచింది, ఎవరూ పలకలేదు. అలవాటే. సమీక్ష దగ్గరకొచ్చేసింది, నాకు తిట్టే ఓపిక కూడా లేదు. పోతే పోనీ అనుకుని కాళ్ళు చాపుకుని కూర్చున్నాను.

దారి నాకు దొరకలేదు, జేజి మొగుడి పేరులోంచి దొరికింది. మద్దిలేటి అడిగాడు, "జేజీ, మీ ఆయన పేరేంది?" అని. ఆవిడ మొగుడి పేరు చెప్పదు. వాడు ఒదల్లేదు. చివరికి సుంకులు నవ్వుతూ చెప్పేసింది, "పెంటయ్య!"

షెడ్డంతా ఘొల్లుమంది.

"నవ్వండి నవ్వండి," అంది జేజి. "ఆయనకు ముందర ముగ్గురు పోయిండ్రి. పుట్టంగానే పెంటదిబ్బ మీద పండబెట్టి, మల్లా ఎత్తుకొచ్చుకుని ఆ పేరు పెట్టినారు. సావు పేరు చూసుకోనొస్తాది. పేరు కంపు కొడ్తే ఎనక్కి పోతాది. డెబ్బయేండ్లు బతికె."

మద్దిలేటి కాసేపు ముక్కులో వేలు పెట్టుకుని ఆలోచించాడు. "అక్కా, ఆ పెట్టెలో నాకూ కంపు పేరు పెట్టు. అది నా పేరు కాదు గదా. పలికినా నేను కాదు గదా పలికేది."

కొత్తగా వచ్చినవాళ్ళ పేర్లు ఎక్కించే వీలు పెట్టెలో నాకుంది. ఏ పేరు ఎక్కించాలన్నది నియమాల్లో లేదు. ఎక్కించాను. పెట్టె పట్నపు గొంతుతో మర్యాదగా పిలిచింది: "రొయ్యపొట్టు."

"ఉండానూ!" మొదటి పిలుపుకే, షెడ్డు రేకులు అదిరేలా.

ఆ తర్వాత తోపులాట. దిబ్బమ్మ, కుప్పడు, బురదయ్య, ఎండుచేప, గబ్బిలాయి. చీమిడిముక్కు అన్న పేరుకోసం ఇద్దరు జుట్లు పట్టుకున్నారు. ఒకరికి పెద్ద చీమిడిముక్కు, ఒకరికి చిన్న చీమిడిముక్కు అని పంచాయితీ చేశాను. సాయంత్రానికి హాజరు సగం దాటింది.

శేషఫణి గారు తెరమీదకి వచ్చాడు.

"కావమ్మా, రొయ్యపొట్టు అనే విద్యార్థి భాగహారంలో ముందున్నాడని చూపిస్తోంది. ఇవేం పేర్లు?"

"పెద్దవాళ్ళు పెట్టుకున్నారు సార్. మీ పేరులో పాము లేదా?"

తెర ఆపే ముందు ఆయన భుజాలు కదలడం చూశాను. నవ్వాడో ఏడ్చాడో.


నమోదు 52

పెట్టె బాగుంది. బడి నిలిచింది. సుంకులు పేరు మార్చుకోనంది.

కారణం అడిగితే నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. బడి పిల్లల పేర్లు అన్ని శిబిరాల గోడల మీదా చూపిస్తారు. తప్పిపోయినవాళ్ళు ఆ గోడల ముందు నిలబడి వెతుక్కుంటారు. మిగతా పిల్లలకి తల్లో తండ్రో ఇక్కడే ఉన్నారు, లేదా పోయారని ఖాయంగా తెలుసు. ఏమీ తెలియనిది దీనికొక్కదానికే.

"మా అమ్మ సుంకులమ్మ అని ఎతుకుతాది. చీమిడిముక్కు అని ఎతుకుతాదా?"

ఆ గోడ మీద పేరుండాలంటే హాజరు పడాలి. హాజరు పడాలంటే సొంత పేరుకి రెండు పిలుపుల్లోపు పలకాలి. పలకదు. పెట్టె దాన్ని ఇవాళ కూడా రాలేదంది. మేస్త్రీ వచ్చి తట్ట పట్టుకోమన్నాడు. ఎవర్ని తిట్టాలో తెలీక మేస్త్రీని తిట్టాను. ఆయన ఎగువ మనిషే, ఆయన బిడ్డ మా బడిలో గబ్బిలాయి. తలొంచుకుని విన్నాడు. విని దాన్ని తీసుకెళ్ళాడు.


నమోదు 54

పని అయ్యాక కట్ట మీదకి వెళ్ళాను. సుంకులు తట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. పక్కన కూలబడ్డాను.

"పేరు మార్చుకోవే," అన్నాను.

"మార్చుకోను."

"అయితే పలుకు."

"పలకను."

"తట్టలే మోస్తావా బతుకంతా? నీకన్నా చిన్నోడు భాగహారాలు చేస్తున్నాడు. నువ్వు నేర్పినోడే."

"వానికి కూడేటప్పుడు చేతిలోది మర్చిపోయేది ఇంగా పోలే," అంది విసుగ్గా. కాళ్ళ మధ్య మట్టిని బొటనవేలితో కెలికింది. తర్వాత నాకేసి చూడకుండా అడిగింది. "అక్కా. మనిసైతే మూడోసారి పిలుస్తాది గదా? పిలవకుండా ఉండదు గదా?"

ఉండదు అని చెబితే సరిపోయేది. జేజి ఇన్నాళ్ళూ నోటితో అనకుండానే నమ్మించింది అదే. కానీ ఈ పిల్లకి మొదటి రోజునుంచీ అందరూ ఏదో ఒక నియమం చెబుతూనే ఉన్నారు. దయ్యం నియమం, పెట్టె నియమం, కట్ట నియమం. నేనింకోటి చెప్పలేకపోయాను.

"ఉండొచ్చు," అన్నాను. "భయమేస్తే మనిషి కూడా రెండుసార్లు పిలిచి ఊరుకోవచ్చు. ఎవరైనా వస్తున్నారని దాక్కోవచ్చు. నీ బిడ్డ ఇక్కడ లేదులే అనుకుని ఇంకో పక్కకి వెతకడానికి పోవచ్చు. గద్ద అయినా అయ్యుండొచ్చు. నాకు తెలీదు సుంకులూ. ఎవరికీ తెలీదు."

ఏడవలేదు. తట్ట తలమీద పెట్టుకుని లేచింది. నాలుగడుగులు వేసి ఆగింది.

"ఇంకో పక్కకు పోయింటే అది బతికుండొచ్చు."

అమ్మని 'అది' అంది. కోపంగా అంది. నాకు బాగా తెలిసిన కోపం.


నమోదు 55

పెట్టె పిలవడం మొదలెట్టింది. రొయ్యపొట్టు ఉన్నాడు. దిబ్బమ్మ ఉంది. ఇద్దరు చీమిడిముక్కులూ ఉన్నారు. సుంకులు కట్టకి పోకుండా వచ్చి మధ్య వరసలో కూర్చుంది. గుమ్మంలో మేస్త్రీ నిలబడ్డాడు, తీసుకెళ్ళడానికి.

"సుంకుల..." అంది పెట్టె.

"ఉండా!"

పేరు పూర్తవలేదు. మొదటి పిలుపు. గొంతు చిట్లిపోయేలా అరిచింది. ముందు కూర్చున్న ఇద్దరు తలలు దాచుకున్నారు. అందరూ పైకి చూశారు. రేకులు, వాటి సందుల్లోంచి ఎండ. ఏమీ పడలేదు. పలక వెలిగింది.

"అంత గట్టిగా ఎందుకే?" అన్నాను.

"దూరంగా ఉంటే ఇనపడద్దా?"

మేస్త్రీ తలపాగా సర్దుకుని వెళ్ళిపోయాడు. బయట కూర్చున్న జేజి విననే విన్నది. లోపలికి వచ్చి మనవరాలి ఎదురుగా నిలబడి చెయ్యెత్తింది. దించింది. నా మీదకి తిరిగింది.

"ఇన్నేండ్లు మూసిపెట్టిన నోరు. తెరిపించినావు. రేపు యుద్ధం ఈ పక్కకొస్తే? గద్దలొస్తే? మొదుట పలికేది ఇదే. అప్పుడేం చేస్తావు చెప్పు. పెట్టెను అడుగుతావా?"

ఇందులో గెలిచిందేమీ లేదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఉన్నది ఒక్కటే పని. నిచ్చెన తెచ్చి షెడ్డు మీదకి ఎక్కాను.


నమోదు 58

సమీక్ష అయింది. పెట్టె ఇక్కడే ఉంటుంది. సుంకులమ్మ పేరు అన్ని గోడల మీదకీ వెళ్ళిందని శేషఫణి గారు చెప్పాడు. ఎవరూ అడగలేదట ఇంకా.

బడి జరిగినంతసేపూ నేను పైనే ఉంటున్నాను. రేకులు కాలుతున్నాయి, గోనెపట్టా వేసుకుని కూర్చుంటాను. ఉత్తరం వైపు ఏదైనా కదిలితే రేకు మీద రాయితో కొడతాను, లోపల అందరూ నోళ్ళు మూసుకోవాలి. నేర్పించాను. రెండుసార్లు కొట్టాను, రెండుసార్లూ కొంగలే. మద్దిలేటి నాకు కొంగక్క అని పేరు పెట్టాడు.

కానీ నేను పైన ఉంటే కింద పెట్టె చూసేవాళ్ళు లేరు. ఇవాళ పలకలు వరసగా ఆగిపోయాయి. సుంకులు బయటికొచ్చి నడుం మీద చేతులేసుకుని అరిచింది. ఈ మధ్య దాని గొంతు తగ్గడం లేదు.

"దిగు అక్కా! నా పలక ఒకే లెక్క మల్లా మల్లా అడుగుతాంది. జవాబు చెప్పినా ఇనదు!"

"నేను దిగితే ఇక్కడెవరుంటారే?"

నిచ్చెన కిర్రుమంది. చూస్తే జేజి. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, ఒక్కో మెట్టు మీదా ఆగి ఎవర్నో తిట్టుకుంటూ ఎక్కుతోంది. చెయ్యి అందించబోతే విదిలించేసింది. పైకి వచ్చి రొప్పు తీర్చుకుని, నా గోనెపట్టా తన కిందకి లాక్కుని, నా చేతిలో రాయి అడిగి తీసుకుంది. ఉత్తరం వైపు తిరిగి కూర్చుంది.

"పో. పాఠాల సంగతి నువ్వు సూడు," అంది. "ఆకాశం నేను సూసుకుంటా."